స్విచ్చుకు కట్టిన తువ్వాల

బిడ్డ మీద ఒట్టు పెట్టి అబద్ధం చెప్పవలసి రావడం. శివజ్యోతికి లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం అదే. పని పోతుందన్నా, మొగుడు తాగి వస్తాడన్నా ఆమెకు అంత భయం లేదు. ఒట్టు తప్పితే అది వేసినవాళ్లను వదిలిపెట్టి, ఎవరి పేరున వేశారో వాళ్లను పట్టుకుంటుందని ఆమె నమ్మకం. చిన్నప్పుడు మేనత్త ఒకావిడ పొరుగింటి మేక సంగతిలో కొడుకు మీద ఒట్టు వేసింది. ఆ వానాకాలమే పిల్లవాడు జ్వరంతో పోయాడు. వేళకు సూది వేసేవాళ్లు లేక పోయాడో, మేక కోసం పోయాడో ఎవరూ తేల్చి చెప్పలేదు. మేనత్త మాత్రం మళ్లీ ఎవరి కళ్లలోకీ చూసి మాట్లాడలేదు.

అందుకే ఆ గురువారం మిట్టమధ్యాహ్నం, సంచుల మూతులు కుడుతూ ఉండగా సిద్దమ్మ చెప్పిన మాటకు ఆమె చేతిలో కుట్టు మిషను పక్కకు జారింది.

"రేపు కర్పూరమంట మే, జోతీ."

"ఏం కర్పూరం అత్తా?"

"పూజకాడ అందురూ కర్పూరం ఆర్పి ఒట్టెయ్యాలంట. ఆపీసరుకు ఫోన్ చేసింది నేను కాదు, నా బిడ్డ మీద ఒట్టు అని. శివశంకర్ సారు చెప్పినాడు."

"బిడ్డల మీదా?"

"మరి గోడల మీద యేస్తారా? బిడ్డల్లేనోళ్లు అమ్మానాయన మీద యెయ్యాలంట. యట్లనో ఒగట్ల బయటపడనీ. మన కూట్లో మన్ను పోసినోళ్ల నోట్లో పురుగులు పడ!" సిద్దమ్మ నిండిన సంచిని మోకాలితో నెట్టి, కొత్త సంచి ముందుకు లాగింది. "ఏం మే, దారం తెంపినావు? మిషను పక్కకు పోతాండాది. పొద్దున ఏమన్నా తిన్నావా లేదా?"

"ఎండకు అత్తా."

సిద్దమ్మ ఆమె వైపు ఒక్క క్షణం ఎక్కువగా చూసింది. చూసిందని శివజ్యోతికి అనిపించింది. అది మంగంపేట గనుల్లో తవ్విన ముగ్గురాయిని పొడి చేసి సంచులకెత్తే మిల్లు. ముక్కూ నోరూ గుడ్డతో కట్టుకున్నా మధ్యాహ్నానికే అందరి కనురెప్పలూ తెల్లబడతాయి. ఆ తెలుపు వెనుక ఎవరేమనుకుంటున్నారో పోల్చుకోవడం కష్టం. ఈ మధ్య ఆమె ఆ ముఖాలను పోల్చుకోవడానికే ప్రయత్నిస్తున్నది.

ఫోన్ చేసింది ఆమే.

ఆ మిల్లులో రాళ్లు పోసే గొయ్యిని పనివాళ్లు నోరు అంటారు. పెద్ద రాళ్లు అందులో అడ్డం పడితే యంత్రం ఆపి, ఒక మనిషి గడ్డపార తీసుకుని దిగి కదిలించాలి. ఇంకొక మనిషి పైన స్విచ్చు దగ్గర నిలబడాలి. దిగేవాడు తన భుజం మీది తువ్వాల తీసి స్విచ్చు పిడికి కట్టి దిగుతాడు. పైకి వచ్చాక వాడే విప్పుకోవాలి. తువ్వాల కట్టి ఉన్న స్విచ్చు మీద ఓనరు సైతం చెయ్యి వెయ్యకూడదు. ఇది కంపెనీ పెట్టిన నియమం కాదు. పనివాళ్లు తమకు తాము పెట్టుకున్నది. మహానంది, లేవి అట్లాగే జతగా ఏళ్ల తరబడి పని చేశారు.

మరొక ఆచారం ఓనరుది. శుక్రవారం పొద్దున పూజ జరగాలి. హారతి ఇచ్చే సమయానికి యంత్రం తిరుగుతూ ఉండాలి. ఆగిన యంత్రానికి హారతి ఇస్తే వ్యాపారం ఆగిపోతుందట.

కిందటి నెల ఒక శుక్రవారం మహానంది నోట్లో దిగి ఉన్నాడు. లేవి స్విచ్చు దగ్గర ఉన్నాడు. పూజకు వేళయింది. "నువ్వు బొట్టు పెట్టుకునే మనిషివి కాదు గదప్పా, పక్కకు పో. అయినాక పిలుస్తా" అన్నాడు తిమ్మయ్య మేస్త్రి. ప్రతి శుక్రవారమూ అనే మాటే. పిడికి తువ్వాల ఉంది కదా అని లేవి గేటు దగ్గరికి పోయాడు. మేస్త్రి స్విచ్చు బోర్డుకు పసుపు రాయబోయాడు. చెమట కంపు కొట్టే తువ్వాల పూజ బోర్డు మీద ఉండడం మైల అనుకున్నాడు. పూజ వేళకు లోపల ఎవరుంటారని కూడా అనుకున్నాడో ఏమో. తువ్వాల విప్పి పక్కన పడేశాడు. దాని స్థానంలో బంతిపూల దండ వేశాడు. కర్పూరం వెలిగించి, గంట చేతికి తీసుకుని, స్విచ్చు పైకెత్తాడు.

గంట మోతలో మహానంది అరుపు ముందు ఎవరికీ వినపడలేదు.

కుడి చెయ్యి మోచేతి దాకా పోయింది. బండి మీద నుంచి పడ్డాడని ఆసుపత్రిలో రాయించారు. తాగి పనికొచ్చాడని మిల్లులో చెప్పారు. రెండూ చాలక మూడో మాట ఒకటి పుట్టింది. పూజకు బొట్టు పెట్టుకోని మనిషిని లోపల ఉంచుకుంటే అమ్మవారు ఊరుకుంటుందా అని. ఆ మాట ఎవరు మొదలుపెట్టారో తెలియదు. రెండో రోజుకు అందరి నోటా అదే. లేవి పక్కన కూర్చుని సద్ది విప్పేవాళ్లు మెల్లగా జరిగి కూర్చోవడం మొదలుపెట్టారు. అతనితో జతగా నోటి దగ్గరికి పోవడానికి ఎవరూ ఒప్పుకోవడం లేదు.

తువ్వాల తీయడం శివజ్యోతి కళ్లారా చూసింది. తొమ్మిదో తరగతిలో బడి మానిపించినా ఆమెకు చదవడం వచ్చు. మండలాఫీసు గోడ మీద ఫ్యాక్టరీల ఆఫీసరు నెంబరు రాసి ఉండడం చదివింది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను టిప్పరు తోలే మొగుడు వీరభద్ర జేబులో ఉంటుంది. అందుకని పాపకు బాగాలేదు, మొగుడితో మాట్లాడాలని చెప్పి లేవి ఫోను అడిగి తీసుకుంది. సంచుల చాటున నిలబడి, చూసినదంతా ఆఫీసరుకు చెప్పింది. ఆఫీసరు వచ్చాడు, యంత్రం ఆపించాడు. రాళ్లు నలిపే రోలర్లకు మూతలు బిగించేదాకా తిప్పొద్దన్నాడు. వారం పైగా మిల్లు మూతపడింది. రోజుకు మూడు వందల యాభై చొప్పున ఆడవాళ్ల కూలి పోయింది. అప్పటి నుంచి మిల్లులో మహానంది చెయ్యి గురించి మాట్లాడేవాళ్లు లేరు. ఫోన్ చేసింది ఎవరన్నదే మాట.

లేవికి తెలుసు. ఆఫీసరు తిరిగి అతని ఫోనుకే చేశాడు. "పాపా, నీకెవురో చేసినారు. మళ్లా చేస్తామన్నారు" అని మాత్రం చెప్పాడు లేవి. ఎవరు, ఏమిటి అని ఒక్క ప్రశ్న అడగలేదు. అడగకపోవడమే ఆమెకు నిద్ర లేకుండా చేసింది.

సద్ది వేళకు నీళ్ల తొట్టి నీడలో ఒంటరిగా కూర్చున్న లేవి దగ్గరికి ఆమె పోయింది. చూసేవాళ్లు చూడనీ అనుకుంది.

"లేవన్నా, రేపు సెలవు పెట్టు."

"యాలా?"

"కర్పూరం సంగతి ఇన్లేదా?"

"ఇన్నా." లేవి సంగటి ముద్దను ఊరుబిండి పచ్చడిలో అద్దాడు. "సెలవు పెడితే ఇంగ వాళ్లకు సాక్ష్యం యాల? లేవిగాడే అంటారు."

"అయితే ఒట్టెయ్యి. నువ్వు చెయ్యలేదు గదా. నీది నిజమే గదా."

"నిజమైనా ఒట్టెయ్యగూడదు పాపా. మా దాంట్లో అవునంటే అవును, కాదంటే కాదు. ఆపైన ఒగ మాట గూడా అదనమే."

"పెద్ద పాస్టరువి! పెండ్లిలో మా వదినకన్నా ఒట్టెయ్యలేదా?"

"ఆడ గూడా అవునన్నా అంతే. ఆ ఒగ్గ అవునునే ఇన్నేండ్లుగా మోస్తాండా." అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"ఎవురు చేసినారో నీకు తెలుసా అని అడిగితే?"

లేవి చేతిలోని ముద్ద ఆగింది. "అడగనీ."

"ఏం చెప్తావు?"

"అబద్ధం మాత్రం చెప్పను పాపా."

అబద్ధం చెప్పే మనిషయితే ఆమెకు ఇంత భయం ఉండేది కాదు. ఆమె లేచి సంచుల దగ్గరికి పోయింది.

సద్ది వేళ అయ్యాక శివశంకర్ లేవిని తన గదికి పిలిపించాడు. శివశంకర్ ఓనరుకు బామ్మర్ది, మిల్లుకు మేనేజరు. అద్దం తలుపు లోంచి శివజ్యోతికి ఒకటే కనపడింది: లేవి చేతిలో గాజు గ్లాసు, అందులో టీ. ఆ గదిలో కూలివాడికి టీ ఇవ్వడం ఆమె ఎన్నడూ చూడలేదు. లేవి బయటికి వచ్చి మూతి తుడుచుకుంటూ ఆమె వైపు చూడకుండా పోయాడు. చెప్పేశాడు, అనుకుంది. టీకే చెప్పేశాడా? కాదు, ఇంకేదో ఇస్తామని ఉంటారు. అతని స్థానంలో తనుంటే చెప్పకుండా ఉండగలదా? ఆ ప్రశ్నకు జవాబు కూడా ఆమెకు నమ్మకంగా తెలియదు.

సాయంత్రం ఆటోలో తిమ్మయ్య మేస్త్రి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఆమెకు ఆ పని ఇప్పించింది ఆయనే. వరసకు మామ అవుతాడు.

"పాప బాగుండాదా అమ్మీ?"

రోజూ అడిగే మాటే. ఈ రోజు అది వేరేగా వినపడింది.

"బాగుండాది మామా. యాల అడుగుతాండావు?"

"యాలంటే ఏం చెప్పేది? అడగగూడదా?" ఆయన బయట చూస్తూ అన్నాడు. "రేపు భయపడాకు. రెండు ముక్కలు అని ఆర్పేసెయ్. అంతే."

"మామా, ఆ పొద్దు తువ్వాల..."

"ఏ తువ్వాల?"

ఆటోలో ఉన్న వాళ్లందరూ ఒకేసారి చూపు తిప్పుకున్నట్లు తోచింది. తిమ్మయ్య మళ్లీ బయటికి తిరిగాడు.

ఇంటికి పోయేసరికి రెండేళ్ల యామిని నాయనమ్మ ఒళ్లో కూర్చుని, దేవుడి పటం ముందు దీపానికి చెయ్యి చాస్తున్నది. "ఆర్పాకు!" అని శివజ్యోతి అరిచిన అరుపుకు బిడ్డ బెదిరి ఏడ్చింది. అత్త బిత్తరపోయింది. శివజ్యోతి బిడ్డను ఎత్తుకుని, దాని తల మీద చెయ్యి పెట్టబోయి, పెట్టలేక వీపు నిమిరింది.

శుక్రవారం పొద్దున యంత్రం ముందు ముగ్గు వేసి ఉంది. నిమ్మకాయలు, బంతిపూలు, కొత్త గుమ్మడికాయ. ముందురోజు రాళ్లు అడ్డం పడడంతో నోరు మూసుకుపోయే ఉంది. స్విచ్చు బోర్డుకు తడి కుంకుమ. శివశంకర్ తెల్ల చొక్కా వేసుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇత్తడి పళ్లెంలో కర్పూరం బిళ్ల పెట్టి తిమ్మయ్య వరసగా ఒక్కొక్కరి ముందుకూ తెస్తున్నాడు.

మొదట ఆయనే వేశాడు. "ఫోన్ చేసింది నేను కాదు, నా మనవళ్ల మీద ఒట్టు." అరచేత్తో మంటను నొక్కాడు. అది నిజమే. అప్పుడు శివజ్యోతికి తట్టింది: ఈ ఒట్టు ఫోను గురించే అడుగుతున్నది, తువ్వాల గురించి అడగడం లేదు.

సిద్దమ్మ గట్టిగా, తిట్టు కలిపి వేసింది. లోడింగు మగవాళ్లు వేశారు. ఒక్కొక్కరికీ కొత్త బిళ్ల. ఆర్పినవాళ్ల అరచేతుల్లో నల్లటి మసి మిగిలింది.

పళ్లెం లేవి ముందుకు వచ్చింది.

"ఫోన్ చేసింది నేను కాదు" అన్నాడు లేవి.

"ఒట్టు?"

"ఒట్టు లేదు సారూ. కాదంటే కాదు."

"ఆర్పు."

"ఆర్పను."

శివశంకర్ నవ్వాడు. "చూసినారా? మన కర్పూరమంటే భయం. తప్పు చేసినోడికే గదా భయం?" ఎవరో అవునన్నారు. "సరే, నువ్వు చెయ్యలేదు. చేసింది ఎవురో తెలుసా?"

లేవి శివజ్యోతి వైపు చూడలేదు.

"తెలుసు."

"ఎవురు?"

"చెప్పను."

"నిన్న మర్యాదగా అడిగినా గదప్పా. ఈ పొద్దు అందరి ముందర అడుగుతాండా."

"నిన్నా అదే చెప్పినా సారూ, ఈ పొద్దూ అదే."

శివశంకర్ ముఖంలో నవ్వు పోయింది. "అయితే పో, నోట్లో దిగు. రాళ్లు తియ్. హారతికి లేటయితాంది."

"స్విచ్చుకాడ ఎవురుంటారు సారూ?"

"మీ దేవుడు ఉంటాడులే. మా కర్పూరం పనికిరానోడికి మా మనిషి యాల?"

కొంతమంది నవ్వారు. లేవి గడ్డపార తీసుకున్నాడు. భుజం మీది ఎర్ర తువ్వాల తీసి స్విచ్చు పిడికి కట్టాడు. కుంకుమ తువ్వాలకు అంటింది. ముడిని రెండుసార్లు లాగి చూసి, ఎవరి వైపూ చూడకుండా దిగిపోయాడు.

తర్వాతి వంతు శివజ్యోతిది. తిమ్మయ్య కొత్త బిళ్ల వెలిగించి పళ్లెం చాచాడు.

"రెండు ముక్కలే అమ్మీ" అన్నాడు మెల్లగా.

ఆమె మంటను చూసింది. మంట వెనుక ఎవరూ లేని స్విచ్చు బోర్డు, దాని మీద తువ్వాల. బోర్డు పక్కన మేకుకు హారతి వేళకు వెయ్యడానికని కొత్త బంతిపూల దండ తగిలించి ఉంది. దాన్ని చూశాక ఆమెకు ఇంకేమీ కనపడలేదు. చెయ్యి చాచలేదు. పళ్లేన్ని దాటుకుని నడిచి, బోర్డుకు వీపు ఆనించి నిలబడింది.

"ఏం మే, యాడికి పోతాండావు?" సిద్దమ్మ గొంతు పలికింది.

"నేను ఆర్పను సార్."

"ఏందీ?"

"మనిషి లోపల ఉండాడు. ఆయప్ప పైకొచ్చి తువ్వాల ఇప్పుకునేదాకా నేను ఈడనే ఉంటా."

"అంటే నువ్వేనా ఫోన్ చేసింది?"

శివజ్యోతి పళ్లెం వైపు చూపించింది. "ఇంగోటి వెలిగించండి సార్. ఆ పొద్దు ఈ పిడికుండే మహానందన్న తువ్వాల తీసింది నేను కాదని అందరం ఒట్టేద్దాం. మీరు గూడా. ముందు అది ఆర్పినాక నన్ను అడగండి."

శివశంకర్ తిమ్మయ్య వైపు తిరిగాడు. తిమ్మయ్య పళ్లెంలోకి చూస్తూ ఉండిపోయాడు. ఆయన రెండో చెయ్యి మంట దాకా రాలేదు. సిద్దమ్మ మసి అంటిన తన అరచేతిని చూసుకుని, కొంగుకు తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది. కింద నుంచి గడ్డపార రాయికి తగిలే శబ్దం ఒక్కటే వస్తున్నది. ఎవరూ ఆర్పని కర్పూరం దానంతట అదే తగ్గి ఆరిపోయింది.

"గేటు బయటికి పో" అన్నాడు శివశంకర్. "రేపటి నుంచి రావద్దు."

"పోతా సార్. ఆయప్ప రానీ."

లేవి పైకి వచ్చేదాకా ఆమె కదలలేదు. అతను నిలువెల్లా తెల్లగా ఉన్నాడు. జరిగింది ఎంత వినపడిందో తెలియదు. స్విచ్చు దగ్గర ఆమెను చూసి ఒక్క క్షణం ఆగి, ముడి విప్పుకున్నాడు.

"నీ భుజానికి కుంకుమంటుకుండాది పాపా."

"ఉండనీ అన్నా." గేటు దాకా వచ్చిన అతన్ని ఆమె అడిగింది. "నిన్న సారు గదిలో టీ తాగితివే?"

"తాగినా. ఎవురో చెప్తావా అన్నాడు. టీ బాగుండాది సారూ అన్నా."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇంటికి పోయి ముఖం కూడా కడుక్కోకుండా బిడ్డ తల మీద చెయ్యి పెట్టింది. పటంలోని అమ్మవారికి ఒక్క మాటే చెప్పుకుంది: "నీ మీద ఒట్టెయ్యలేదు, దీని మీదా ఒట్టెయ్యలేదు."

పని పోయింది. వీరభద్ర రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు తాగి మాట్లాడాడు. లేవిని మాత్రం మిల్లులో ఉంచుకున్నారు. నోట్లోకి దిగడానికి ఇంకెవరూ ఒప్పుకోరు కనుక. స్విచ్చు దగ్గర ఎవరు నిలబడుతున్నారని శివజ్యోతి సంతలో సిద్దమ్మను అడిగింది. సిద్దమ్మ టమాటాలు ఏరుకుంటూ "ఎవురో ఒకరులే మే" అంది. కళ్లలోకి చూసి చెప్పలేదు. పక్కింటివాళ్ల ఫోను నుంచి చేస్తే లేవి ఫోను మోగుతున్నది గాని పగటి పూట ఎత్తడం లేదు. శివజ్యోతిని ఆ గేటు దరిదాపులకు కూడా రానివ్వడం లేదు.

మీలో ఎవరైనా మంగంపేట దారిన పోతుంటే, అది శుక్రవారం పొద్దున అయితే, లోపల గంట మోగుతున్న ముగ్గురాయి మిల్లు దగ్గర కాసేపు ఆగండి. తాగడానికి నీళ్లడగండి, దారి అడగండి, ఏదో ఒకటి చెప్పి లోపలికి తొంగి చూడండి. స్విచ్చు పిడికి తువ్వాల ఉందో, పూలదండ ఉందో చూడండి. తువ్వాల ఉండి, పక్కన మనిషి ఉంటే సరే, మీ దారిన మీరు పొండి. దండ ఉంటే మాత్రం, గంట మోతను మించి వినపడేలా అడగండి, లేవి ఎక్కడ అని.